హరవిలాసంలో ‘సమ్మన్లు’ అంటే ఏ ఓడలు?

నెల్లూరు నుంచి: శ్రీనాథుడు హరవిలాసం అవతారికలో అవచి తిప్పయ సెట్టి ఓడబేరాన్ని వర్ణించిన మత్తేభంలో ‘శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్లఁ దెప్పించు’ అన్న పాదం రెండు రోజులుగా నోట్లో నానుతున్నది గాని, రేవుల పేర్లున్న మొదటి పాదంలో ‘తరుణాసీరి తవాయి’ తరువాత, ‘రమణ’కు ముందు వచ్చేది ‘గోవ’యో ‘గోప’యో తేలడం లేదు. అది అటుంచి, ఓడ అని అర్థమిచ్చే ‘కప్పలి’ తమిళ ‘కప్పల్’ నుంచి తిన్నగా మనకు వచ్చిందా, లేక నావికుల నోట మలయా తీరం చుట్టి వచ్చిందా అన్నది నా అసలు సందేహం.

గుంటూరు నుంచి: మలయా భాషలోని ‘కపాల్’ తమిళం నుంచి వెళ్లినదే; పైగా అక్కడ ‘ప్ప’ అన్న ద్విత్వం జారిపోయింది, మన కప్పలిలో నిలిచింది. కనుక దీనికి చుట్టుదారి అక్కరలేదు. అసలు చిక్కు ‘సమ్మన్ల’లో ఉన్నది. అది తూర్పు సముద్రాల్లో తిరిగే ‘సంపాన్’ అన్న పడవ పేరేనని నా నమ్మకం. ‘మ్ప’ అయినా ‘మ్మ’ అయినా ముందున్న ‘స’ గురువే కాబట్టి ఛందస్సుకు వచ్చిన లోటేమీ లేదు.

రాజమండ్రి నుంచి: ఛందస్సు అడ్డు చెప్పనంత మాత్రాన అది సాక్ష్యమైపోదు, మాస్టారూ. పాదాదిని ఉన్న ‘శ’కు 14వ అక్షరమైన ‘స’తో యతి కుదిరింది కనుక ఆ ‘స’ను ఎవరూ కదపలేరు, దాని పక్కనున్న ‘మ్మ’కు అలాంటి కాపలా లేదు. అయినా అడుగు చదునుగా ఉండి, ఏళ్లలోనూ తీరం వెంటా తిరిగే చిన్న పడవ తరుణాసీరి, అంటే బర్మా తీరపు తెనాసెరిం, నుంచి బంగాళాఖాతం దాటి కర్పూరం మోసుకొచ్చిందంటే నమ్మడం కష్టం.

గుంటూరు నుంచి: మన తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరంగా లంగరు వేస్తే, అలలకు తట్టుకొనే చిన్న పడవల్లోకి సరుకు మార్చి దించుకోవడం ఆనవాయితీ. ఆ పడవలు లేకుండా తెప్పించడం ఎలా పూర్తవుతుంది?

బందరు నుంచి: మీరిద్దరూ జోంగును వదిలేశారు. ఇది జావా, మలయా నావికుల ‘జోంగ్’. పోర్చుగీసువారి ‘జుంకో’కు మూలమూ అదే. వాస్కోడిగామా కాలికట్ చేరింది 1498లో కాగా, కొండవీటి కుమారగిరి రెడ్డికి సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన తిప్పయ సెట్టి అంతకు దాదాపు నూరేళ్ల ముందటివాడు. అంటే ఈ మాటను మన నావికులు ఏ ఐరోపా భాష సాయమూ లేకుండానే రేవుల్లో అందిపుచ్చుకొన్నారన్నమాట. ఇక ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు ఓడలకంటె అందులోని కస్తూరే ముందుగా తగులుతుంది. ‘అక్షయ్యంబుగ సాంపరాయని తెలుంగాధీశ’ అంటూ కస్తూరిని భిక్ష అడిగినవాడూ, చివరి రోజుల చాటువుగా ప్రసిద్ధమైన సీసంలో ‘కస్తూరి కేరాజుఁ బ్రస్తుతింతు’ అని వాపోయినవాడూ ఈ శ్రీనాథుడే గదా! కనకాభిషేకం పొందిన కవి అంతటి బెంగను ఒక పరిమళద్రవ్యం మీద పెట్టుకోవడం నాకు ముచ్చటగానూ, కాస్త దిగులుగానూ ఉంటుంది.

రాజమండ్రి నుంచి: కస్తూరి సరే గాని, ‘గోవ’ దగ్గర నాకు మరో అభ్యంతరం ఉన్నది. తరుణాసీరి తెనాసెరిం, తవాయి నేటి దవే, రమణ పెగూ ప్రాంతపు మోన్ దేశం. ఈ మూడూ బర్మా వైపువి. వీటి నడుమ పడమటి తీరపు గోవ ఎలా దూరింది?

బందరు నుంచి: సరుకుల పట్టీ చూడండి. గంధం, అగరు, కర్పూరం తూర్పువని ఒప్పుకొన్నా, కుంకుమపువ్వూ పన్నీరూ పడమటి రేవులకు వచ్చే సరుకులు. గోవ ఉండవలసినదే.

నెల్లూరు నుంచి: ఆ లెక్కన గోవకే నా ఓటు. ఇక ‘వల్లి’ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. తమిళ మలయాళాల్లో పడవను ‘వళ్ళం’ అంటారు. ఇక్కడున్నది ‘ల్లి’ కాక ‘ళ్ళి’ అయితే దాని పుట్టుక తేలిపోతుంది గాని, అది పాదం నడుమ పడింది కనుక ప్రాస సాయం దొరకదు. తాళపత్ర ప్రతులు చూసినవారెవరైనా అక్కడ ‘ల’ ఉన్నదో ‘ళ’ ఉన్నదో చెప్పగలరా?