గుల్‌మార్గ్‌లో వంటగది ఉన్న ఇల్లు ఎక్కడ తీసుకుంటే మేలు?

నమస్కారమండీ. మాది విశాఖ, సీతమ్మధార. పిల్లలకు స్కీయింగ్ నేర్పించాలని ఫిబ్రవరిలో ఆరుగురం గుల్‌మార్గ్ వెళ్తున్నాం. అమ్మకు షుగర్, బయటి తిండి అస్సలు పడదు. అందుకే వంట చేసుకునే వీలున్న ఇల్లు వెతుకుతున్నాం.

కింద తంగ్‌మర్గ్‌లో దిగితే అద్దె తగ్గుతుందంటున్నారు. కానీ పైకి 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మంచు పడితే టైర్లకు గొలుసులు కట్టిన బండే కావాలి. పిల్లలతో రోజూ ఆ ప్రయాణం అంటే టెన్షన్‌గా ఉంది. ఖర్చు ఎక్కువైనా పైన గండోలా (కేబుల్ కార్) దగ్గరే ఉండటం నయమా?

ఇంకొకటి. దాదాపు 2,650 మీటర్ల ఎత్తు కదా, అక్కడ నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే కందిపప్పు ఉడకడం కష్టం. ఇంట్లో ఇస్తారా, మనమే మోసుకెళ్లాలా? గ్యాస్, రూమ్ హీటర్ ఖర్చు అద్దెలోనే కలిపి ఉంటాయా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.