అర్బన్ స్టడీస్‌లో రీసెర్చ్ పీజీ: సీమ నుంచి ఎవరైనా చేసినారా?

హంద్రీ_ఒడ్డు

అందరికీ నమస్తే. నేను కర్నూల్లో బీఏ ఫైనలియర్, హిస్టరీ ఎకనామిక్స్ పాలిటిక్స్. మా ఇల్లు పాతబస్తీలో కింది వైపు. 2009 అక్టోబర్ వరదప్పుడు నేను బాగా చిన్న, నాకు గుర్తున్నదానికంటే ఇంట్లోవాళ్లు చెప్పగా విన్నదే ఎక్కువ. కానీ పెద్దయ్యాక చూస్తా ఉంటే ఒక విషయం అస్సలు అర్థం కాలేదు. అంత మునిగిన వీధుల్లోనే మళ్లీ మేడలు లేచినాయి, దూరంగా గట్టు మీదికి పోయిన కొందరు తిరిగి ఇక్కడికే అద్దెకొచ్చినారు, మళ్లీ కొందరు ఇల్లు అమ్మేసి శాశ్వతంగా పోయినారు, ఎవరు ఉన్నారు ఎవరు పోయినారు అనేది దేన్ని బట్టి జరిగింది అని ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు.

మా సార్ ఒకాయన ఇట్లాంటిది చదవాలంటే అర్బన్ స్టడీస్ అని ఉంటాది, రీసెర్చ్ లాగా చేయొచ్చు అన్నారు. నెట్‌లో వెతికితే అంతా ఎం.ప్లాన్ (టౌన్ ప్లానింగ్ పీజీ), బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అని వస్తాంది. నాకు డ్రాయింగ్ రాదు, మ్యాథ్స్ ఇంటర్‌తోనే వదిలేసినా. ఇంట్లో బీఈడీ చేయి అంటున్నారు, వాళ్లని తప్పుపట్టను, కానీ నాకు ఇది నిజంగా చదవాలని ఉంది. ఏం నేర్పిస్తారు, ఎక్కడ చేయాల, తర్వాత బతుకుతెరువు ఏంది? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఆదోని_అన్న

చెల్లీ, నేను బీఏ తర్వాత ఈ లైన్లోనే ఎంఏ చేసి ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నా కాబట్టి వివరంగా రాస్తా.

ప్లానింగ్ వేరే, అర్బన్ స్టడీస్ వేరే. ప్లానింగ్‌లో మాస్టర్ ప్లాన్ తయారుచేసేది, జోన్లు పెట్టేది, రోడ్ల వెడల్పు తేల్చేది నేర్పిస్తారు, మన రాష్ట్రంలో ఐతే విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, ఎక్కువగా ఆర్కిటెక్చర్, ప్లానింగ్, సివిల్ చదివినవాళ్లు పోతారు. టౌన్ ప్లానర్ పోస్టు కావాలంటే ఆ దారే, అర్బన్ స్టడీస్ ఎంఏ పెట్టుకుని ఆ పోస్టు అడిగితే ఇవ్వరు, ఇది ముందే తెలుసుకో. అర్బన్ స్టడీస్‌లో ఊరు ఎందుకు ఇట్లా తయారైంది అని అడుగుతారు, కొళాయి నీళ్లు ముందు ఏ వీధికి పోతాయి, ఊరి బయట చేను ప్లాట్లు ఐతే లాభం ఎవరికి పోతాది, తోపుడుబండి వానికి రోడ్డు మీద హక్కు ఉందా లేదా, ఇట్లాంటివి. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ దీంట్లో పనికొస్తాయి, నువ్వు ఏదీ వదులుకోనక్కర్లేదు.

ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీలో ఎంఏ అర్బన్ స్టడీస్ ఉంది. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో అర్బన్ పాలసీ అండ్ గవర్నెన్స్ అని ఉంది. బెంగళూరు ఐఐహెచ్‌ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ సెటిల్‌మెంట్స్)లో అర్బన్ ఫెలోస్ అని ఏడాది లోపు ప్రోగ్రామ్ ఒకటుంది, అది డిగ్రీ కాదు గానీ ఈ ఫీల్డ్ మనకు సరిపోతాదా లేదా అని తెలుసుకోవడానికి బాగుంటాది. మామూలుగా ఎంఏ రెండేళ్లలో ముందు థియరీ, మెథడ్స్ చెప్పి చివర్లో డిసర్టేషన్ (సొంత పరిశోధన మీద పెద్ద వ్యాసం) రాయిస్తారు, రీసెర్చ్ మొదలయ్యేది ఆడే. ఎంఫిల్ కోసం వెతకొద్దు, 2022 యూజీసీ రూల్స్‌తో అది పోయింది, ఎంఏ తర్వాత నేరుగా పీహెచ్‌డీనే. లెక్చరర్ అర్హతకి, ఫెలోషిప్‌కి పెట్టే యూజీసీ నెట్ పరీక్ష రాసేటప్పుడు సోషియాలజీనో జాగ్రఫీనో పొలిటికల్ సైన్సో ఎంచుకుని రాస్తారు, దాంట్లో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, దాంతో ఇంటి మీద ఆధారపడకుండా చదువుకోవచ్చు. ఇంట్లో ఒప్పించేటప్పుడు ఈ సంగతి ముందు చెప్పు.

బయటి దేశం ఆలోచన ఉంటే యూకేలో ఎంరెస్ (మాస్టర్ ఆఫ్ రీసెర్చ్) అని ఉంటాది, ఏడాదిలో ఐపోతాది, సగానికి పైగా థీసిస్సే. యూరప్‌లో ఫోర్ సిటీస్ అనే జాయింట్ మాస్టర్స్ ఉంది, బ్రస్సెల్స్, వియన్నా, కోపెన్‌హాగెన్, మాడ్రిడ్ తిరుగుతా రెండేళ్లు చదివేది. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఎస్సీ పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2022లో గైడ్‌లైన్స్ మార్చి, ఇండియా సమాజం, చరిత్ర, సంస్కృతి మీద చేసే టాపిక్‌లకు ఇవ్వము అన్నారు. కర్నూలు మీద థీసిస్ రాయాలనుకునేవాళ్లకి ఇది నేరుగా తగిలే దెబ్బ, నాకు దీని మీద చాలా బాధుంది. అప్లై చేసే ముందు ఆ ఏడాది గైడ్‌లైన్స్ తెరిచి చదువుకో.

ఇంక అసలు మాట. యూనివర్సిటీ పేరు చూసి పోవద్దు, నీ టాపిక్ మీద పనిచేసే గైడ్ ఉన్నాడా లేదా చూసి పో. "కర్నూలు వరద" అని పట్టుకుని పోతే ఎవరూ తీసుకోరు, అది టాపిక్ మాత్రమే. నువ్వు పైన రాసినావే, ఎవరు ఉన్నారు ఎవరు పోయినారు దేన్ని బట్టి అని, అది ప్రశ్న. దాన్ని ఇంకా చిన్నది చేయి, రెండు మూడు వీధులు తీసుకో, సొంతిల్లు వాళ్లు, అద్దెవాళ్లు, అంగడి ఉన్నవాళ్లు ముగ్గురి దారులూ వేరేగా ఉంటాయి, పనికి ఎంత దూరం పోవాల్సి వచ్చింది, పిల్లల బడి ఏమైంది, పట్టా ఎవరి పేరు మీద ఉంది, అన్నీ అడగాల.

కడప_ప్లానింగ్

నేను కడప జిల్లాలో వార్డు ప్లానింగ్ సెక్రటరీగా చేస్తాండా. మాకాడ కడప ఊర్లో పారే బుగ్గవంక వాగు కథ కూడా ఇంతేనమ్మా, 2001లో ఊర్లోకి వచ్చింది, మళ్లీ 2020 నవంబర్‌లో నివర్ తుపానప్పుడు వచ్చింది. రూల్ ప్రకారం నది హద్దుకి ఊరి లోపల ఐతే 50 మీటర్లు, బయట ఐతే 100 మీటర్లు వదలాల. మేము టేపు పట్టుకుని పోతాము, ప్లాన్ ఉందా, సెట్‌బ్యాక్ (కట్టకుండా వదలాల్సిన జాగా) ఉందా చూస్తాము, లేకపోతే నోటీసు. కానీ ఆ మనిషి ఆడనే ఎందుకు కట్టుకున్నాడు, ఆ జాగా వానికి ఎవరు అమ్మినారు, ముప్పై ఏండ్లుగా ఇంటి పన్ను కట్టించుకున్నది ఎవరు, ఇవన్నీ అడిగి రాసే పని మాది కాదు, అడిగే తీరిక కూడా ఉండదు. ఎవరో ఒకరు కూర్చుని అడగాల. నువ్వు ఆ పని చేస్తానంటే నాకు నిజంగా సంతోషం.

రికార్డుల సంగతి చెప్తా. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్లు, టౌన్ సర్వే మ్యాపులు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీలు (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితాలు), ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వీధి ఎట్లా చేతులు మారిందో తెలుస్తాది. ఊరికే పోయి అడిగితే చూపించరు, కాలేజీ లెటర్ తీసుకుపో, ఐనా కుదరకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల స్టాంపు పెట్టి రాయి. ఇంకోటి, మీరు జనాల దగ్గర రాసుకున్న పేర్లు, డోర్ నంబర్లు థీసిస్‌లో అట్లనే వేయొద్దు తల్లీ. పట్టా లేనివాళ్ల వివరాలు అచ్చులో వస్తే రేపు ఆ కాగితమే వాళ్ల మీదికి నోటీసై పోతాది.

పెన్నా_నీళ్లు

అనంతపురం నుంచి. పైన ఇద్దరూ బాగా చెప్పినారు, ఒక్క మాటకి మాత్రం నేను ఒప్పుకోను. మన ఊర్ల మీద రీసెర్చ్ అంటే వరదో కరువో మాత్రమే అన్నట్టు ఐపోయింది. విపత్తు లేని రోజుల్లో మన టౌన్లు ఎట్లా బతుకుతున్నాయో ఎవరూ రాయట్లేదు. మీ కర్నూలే చూడు, 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, ఆఫీసులు డేరాల్లో నడిపినారు, మూడేళ్లకి అన్నీ మూటగట్టుకుని హైదరాబాద్ పోయినాయి. రాజధాని వచ్చినప్పుడు భూములు కొన్నవాళ్లు ఏమైనారు, ఆ ఉద్యోగుల కోసం లేచిన హోటళ్లు, అంగళ్లు ఏమైనాయి, ఊరు ఏ దిక్కుకి పెరిగింది? దీని మీద ఒక మంచి థీసిస్ ఉంటే నేను కొని చదువుతా. అనంతపురంలో ఐతే వానలు లేక పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఏ కాలనీలో దిగుతారు, ఆన్నుంచి బెంగళూరుకి ఎప్పుడు పోతారు అనేది ఇంకో పెద్ద ప్రశ్న.

క్లాసులో నీకు ముందు చెప్పేది 1920ల్లో షికాగో యూనివర్సిటీ సోషియాలజీ వాళ్లు ఊర్లు ఎట్లా పెరుగుతాయి అని చేసిన థియరీలు. చదువు, బాగుంటాయి, కానీ మన ఊరికి ఎక్కడ అతకలేదో అక్కడ ఆగి రాసుకో, నీ రీసెర్చ్‌కి బలం అదే. ప్యాట్రిక్ గెడ్డిస్ గురించి కూడా చూడు, స్కాట్లాండ్ టౌన్ ప్లానర్ ఆయన, 1914లో మద్రాసు వచ్చి ఈ ప్రెసిడెన్సీ ఊర్ల మీద రిపోర్టులు రాసినాడు. వీధులు కూల్చేముందు ఊరంతా నడిచి చూడాల అని పట్టుబట్టినాడు, నూరేండ్లు దాటినా మన రోడ్డు వెడల్పు పనుల్లో ఆ మాట ఇంకా ఎవరూ వినట్లేదు.

ఉద్యోగం అంటావా, గ్యారంటీ లేదు. లెక్చరర్ పోస్టులు తక్కువ. ఎన్‌జీఓలు, రీసెర్చ్ సంస్థలు, మున్సిపాలిటీలకి కన్సల్టెన్సీ చేసే కంపెనీలు తీసుకుంటాయి, అవి ఎక్కువ బెంగళూరు, ఢిల్లీలోనే. క్యూజీఐఎస్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, దాంట్లో మ్యాపులు చేయడం ఇప్పుడే నేర్చుకో, అది ఉంటే చాలా తేడా పడతాది, దానికి పెద్ద మ్యాథ్స్ అక్కర్లేదు.

హంద్రీ_ఒడ్డు

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రాజధాని టాపిక్ చదివినప్పటి నుంచి అదే తిరుగుతాంది తలలో. కానీ వరద చూసినవాళ్లు ఇంకా మా వీధిలోనే ఉన్నారు, వాళ్లు ఉండగానే అడగాలనిపిస్తాంది, కాబట్టి ఎంఏకి అదే పెట్టుకుంటా. అన్నా, అప్లికేషన్ రాసేముందు ఇప్పటి నుంచే ఏం చేసి పెట్టుకోవాల?

ఆదోని_అన్న

ఒక వీధి పట్టుకో, ఈ సెలవుల్లోనే. ఇల్లిల్లూ గుర్తు పెట్టి చేత్తో మ్యాప్ వేయి, ఎవరు ఎప్పుడు వచ్చినారు, 2009కి ముందు ఆ ఇంట్లో ఎవరు ఉన్నారు అని రాసుకో, పేర్లు లేకుండా నంబర్లతో. పైన కడప అక్క చెప్పింది గుర్తుంది కదా. పాత కర్నూలు ఎట్లుండేదో తెలియాలంటే 1886లో వచ్చిన జిల్లా మాన్యువల్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా దొరుకుతాది, ఊరి భాగం వరకు చదువు. ఇదంతా కలిపి రెండు పేజీలు తెలుగులోనే రాసి నాకు మెసేజ్ చేయి, ప్రపోజల్‌గా ఎట్లా మార్చాలో కూర్చుని చూద్దాం.