కొండపల్లి కోట, రాజమహల్: ఒక్కరోజులో చూసి రావాలంటే?

బెంజిసర్కిల్:
డిసెంబరులో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కొండపల్లి వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. పైన రాజమహల్, తోటలు ఉన్నాయని విన్నాం. కారు పైదాకా పోతుందా? బొమ్మలు కూడా కొనాలి.

ఘాట్‌రోడ్డు:
పోతుందండి. బెజవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా సుమారు 20 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు కోట దగ్గరదాకా ఉంది, అమ్మగారితో పాత మెట్లదారి జోలికి పోవద్దు. కారు దిగాక కూడా మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు తప్పవు కాబట్టి చేతికర్ర తెచ్చుకోండి. బస్సులో వచ్చి ఆటో ఎక్కేవాళ్లు పైన ఆగే సేపుతో కలిపి రానూపోనూ బేరం మాట్లాడుకోవాలి, తిరుగు ఆటో పైన దొరకడం కష్టం.

తోటల మాట మాత్రం మనసులో పెట్టుకోకండి. ఇది రెడ్డిరాజుల కాలం, అంటే 14వ శతాబ్దపు గిరిదుర్గం. చుట్టూ ఉన్నది అడవి. చూడాల్సింది కట్టడమే. దర్గా దర్వాజా అనే కోట ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగండి, ఒక్కో రాయి ఎంతుందో చూడండి. మీరు విన్న రాజమహల్, అంటే తానీషా మహల్, రెండు కొండల నడుమ శిఖరం మీద ఉంటుంది. పక్కనే రాణీమహల్, నర్తనశాల, గజశాల, చల్లటి లోతైన కోనేరు. కోనేటి గట్టున పిల్లల చెయ్యి వదలొద్దు. పాత గోడలు సున్నపు గచ్చుతో కట్టినవి. వానకి నాని గచ్చు రాలిన చోట రాయి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కాలు మోపితే కదులుతుంది. ఫోటోల కోసం గోడలెక్కనివ్వకండి. మనిషికి 2 లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు. ఉదయం 9 కల్లా పైన ఉంటే మధ్యాహ్నానికి నింపాదిగా దిగొచ్చు.

చార్మినార్‌దారి:
తోటా నీటి కొలనులూ ఉన్న రాజమహలే కావాలంటే హైదరాబాదు చౌమహల్లా. ఖిల్వత్ దర్బారులో 19 షాండ్లియర్లు, ముందర ఫౌంటెన్లు. శుక్రవారం సెలవు. బెజవాడ నుంచి 270 కిలోమీటర్ల పైమాటే, పెద్దావిడతో ఒక్కరోజులో వద్దు, రాత్రికి అక్కడే ఆగండి.

పొణికి:
బొమ్మలు కిందికి దిగాకే కొనండి, బొమ్మల కాలనీలో చేసేచోటే దొరుకుతాయి. అసలుది తెల్లపొణికి కర్ర, చేతిలో పెడితే దూదిలా తేలిక. బరువుగా ఉంటే ఏ కర్రో అడగండి. ఒకే చెక్కలోంచి తీయరు. ఏనుగైతే చెవులు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆరాక సున్నం పూసి రంగులేస్తారు. అందుకే విరిగేది ఎప్పుడూ అతుకు దగ్గరే. పీట పట్టుకుని ఎత్తాలి, తొండం పట్టుకుని కాదు. తడిగుడ్డతో తుడిస్తే మక్కు ఉబ్బుతుంది, పొడి బ్రష్షు చాలు. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, కర్ర బీటలిస్తుంది.

బెంజిసర్కిల్:
చౌమహల్లా వేసవి సెలవులకి పెట్టుకుంటాం. ఈసారికి కోట. మెట్ల దగ్గర అమ్మ కూర్చోడానికి మడత కుర్చీ ఒకటి కారులో వేస్తున్నా.