నవంబరులో వియత్నాం, హనోయ్ నుంచి సైగాన్ దాకా: ఈ దారి సరైనదేనా?

వేళచ్చేరి_జంట:

నమస్తే అండీ. దీపావళి మర్నాడు, అంటే 2026 నవంబరు 9న, చెన్నై నుంచి నేనూ మా ఆయనా వియత్నాం వెళ్దామనుకుంటున్నాం. మొత్తం 15 రాత్రులు. తలొక వీపుసంచి, చెక్-ఇన్ సామాను లేదు. హనోయ్‌లో దిగి సైగాన్‌లో (హో చి మిన్ నగరం) తిరుగు విమానం ఎక్కాలి. అనుకున్న దారి ఇది: హనోయ్ 3 రాత్రులు, హ్వే 2, హోయ్ ఆన్ 4, క్వి న్యోన్ 2, న్యా ట్రాంగ్ 2, సైగాన్ 2. టికెట్లు ఇంకా కొనలేదు.

ఊరి నుంచి ఊరికి రైలు మంచిదా, స్లీపర్ బస్సా? బీచ్ ఊళ్లలో స్కూటర్ అద్దెకు తీసుకుంటే ఇక్కడి ఆర్టీవోలో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ చెల్లుతుందా? మా ఆయన గుడ్డు కూడా ముట్టరు, ఆయనకి తిండి దొరుకుతుందా? వీసాకి ఒక ఏజెంటు తలకి ఆరు వేలు అడుగుతున్నాడు, న్యాయమేనా?

అడయారు_గొడుగు:

టికెట్లు కొనకపోవడమే మంచిదైంది. దారికి వంక పెట్టడానికి లేదు, వచ్చిన చిక్కల్లా నెలతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన చెన్నైని తడిపే ఈశాన్య గాలే మధ్య వియత్నాంనీ తడుపుతుంది. సముద్రం మీది తేమను మోసుకొచ్చి ట్రువోంగ్ సోన్ కొండలకు కొట్టుకుని, తీరం వైపే కుమ్మరించేస్తుంది. కొండకీ సముద్రానికీ మధ్య చోటు తక్కువ, నదులు పొట్టివి. అందుకే పైన పడ్డ వాన చూస్తుండగానే ఊళ్లోకి వచ్చేస్తుంది. హోయ్ ఆన్ పాత ఊరు తు బోన్ నది ఒడ్డునే ఉంది. 2025 అక్టోబరు ఆఖర్లో హ్వే, హోయ్ ఆన్ రెండూ మునిగాయి. నవంబరులో ఒక తుఫాను క్వి న్యోన్ వైపు తీరం దాటింది, ఆ నెలలోనే న్యా ట్రాంగ్ వైపు వరదలొచ్చాయి. మీ 15 రాత్రుల్లో 10 రాత్రులు సరిగ్గా ఆ ముక్కలోనే పడుతున్నాయి. నీళ్లు నిలవడమంటే ఏమిటో వేళచ్చేరి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు లెండి.

రోజూ వాన పడుతుందని కాదు, వారమంతా పొడిగానే పోవచ్చు కూడా. కానీ పడితే రైలు పట్టా తెగుతుంది, బస్సు ఆగుతుంది, మీరు ముందే కట్టిన గదులన్నీ వరసగా పోతాయి. వాన లేని రోజుల్లోనూ సముద్రం అలజడిగానే ఉంటుంది, ఎర్రజెండా కనిపిస్తే దిగకండి.

నవంబరే తప్పదంటే మధ్య భాగాన్ని వదిలేయండి. హనోయ్‌లో అప్పుడు ఎండ తగ్గి హాయిగా ఉంటుంది. అక్కడ 4 రాత్రులు, రెండు గంటల రైలు దూరంలో ఉన్న నిన్ బిన్‌లో 2, తర్వాత క్యాట్ బా ద్వీపంలో 2 ఉండండి. నిన్ బిన్‌లో సున్నపురాయి గుట్టల మధ్య ట్రాంగ్ ఆన్ పడవ దారి ఉంటుంది. క్యాట్ బా నుంచి వెనక్కి హనోయ్ వచ్చి ఫు క్వోక్ ద్వీపానికి విమానం, రెండు గంటల పైచిలుకు. ఫు క్వోక్ ఉన్నది థాయ్‌లాండ్ సింధుశాఖలో. ఈశాన్య గాలి దానికి వెనక వైపు నుంచి వస్తుంది కనుక నవంబరు నుంచి పశ్చిమ ఒడ్డు నిమ్మళిస్తుంది. అక్కడ 5 రాత్రులుండి మిగతా 2 సైగాన్‌కి ఉంచుకోండి.

పెరంబూరు_ప్యాసింజరు:

పైన చెప్పిన మాట నిజం. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్లగలిగితే మాత్రం మీ అసలు దారినే ఉంచి రైలెక్కండి. హనోయ్-సైగాన్ లైను 1,726 కిలోమీటర్లు, మీటర్ గేజి, ఒంటి పట్టా. ఎదురుబండి కోసం ఆగుతూ పోతుంది కనుక వేగం ఆశించకండి, గంట ఆలస్యానికి చోటు ఉంచుకోండి.

హనోయ్ నుంచి హ్వే 688 కిలోమీటర్లు, 13–14 గంటలు. దీన్ని రాత్రికి పెట్టుకోండి. నాలుగు బెర్తుల మెత్తటి స్లీపర్‌లో ఒకే వైపు కిందా పైనా తీసుకుంటే ఇద్దరికీ ఒక గోడ మీదవుతుంది, మిగతా రెండింట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఆరు బెర్తుల దాంట్లో అన్నిటికంటే పైది కొనకండి, అందులో కూర్చోవడానికి కూడా ఎత్తు చాలదు. హ్వే నుంచి దా నాంగ్ మాత్రం పగలే వెళ్లాలి, కిటికీ ఎడమ పక్కది తీసుకోవాలి. హై వాన్ కనుమ దగ్గర పట్టా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది, రెండున్నర నుంచి మూడు గంటలు. ఈ ముక్కని రాత్రి బండిలో దాటితే రైలు ఎక్కిన ప్రయోజనమే సగం పోతుంది.

హోయ్ ఆన్‌కి రైలు లేదు, దా నాంగ్‌లో దిగి 30 కిలోమీటర్లు గ్రాబ్ (మన ఓలా లాంటి యాప్) కారులో పోవాలి. క్వి న్యోన్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఊళ్లో ఆ పేరుతో స్టేషను ఉంది కానీ మెయిన్ లైను బళ్లు ఆగేది పది కిలోమీటర్ల అవతలున్న దియూ ట్రీలో, టికెట్టు ఆ పేరుకే కొనాలి. దా నాంగ్ నుంచి దియూ ట్రీ దాదాపు 6 గంటలు, అక్కణ్నుంచి న్యా ట్రాంగ్ 4, న్యా ట్రాంగ్ నుంచి సైగాన్ 7–8. రైల్వే వారి సైటు డీఎస్‌వీఎన్ డాట్ వీఎన్. టికెట్టుకి పాస్‌పోర్టు నంబరు ఇవ్వాలి. మన కార్డు ఒక్కోసారి తిరగబడుతుంది, అప్పుడు స్టేషను కౌంటరులో నగదు ఇచ్చి కొనుక్కోవచ్చు.

ఇక బస్సు. మన చెన్నై కిలాంబాక్కంలో ఎక్కే ఆమ్నీ (ప్రైవేటు) బస్సు బెర్తులా ఉంటుందనుకోకండి. సాదా స్లీపర్‌లో మూడు వరసలు, రెండు అంతస్తులు. నడుం పూర్తిగా వాలదు, కాళ్లు ముందువాళ్ల తల కిందున్న పెట్టెలోకి దూర్చాలి. అయిదడుగుల ఎనిమిది అంగుళాలు దాటితే మోకాళ్లు మడవక తప్పదు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పి కవర్లో వేసుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి ఊరి బయట దింపేయడం మామూలే, కాబట్టి ముందు రోజు గది కూడా కట్టి ఉంచుకోవాలి. అప్పుడు మిగిలిందేముంది?

హెల్మెట్_ఉందా:

స్కూటర్ సంగతి: చెల్లదు. మన ఆర్టీవో ఇచ్చే పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్ని. అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్టు చూసి తాళం ఇచ్చేస్తాడు, చిక్కంతా ప్రమాదం జరిగాకే. లైసెన్సు చెల్లదు కనుక ట్రావెల్ ఇన్సూరెన్సు వాళ్లు ఆస్పత్రి బిల్లు కట్టేది లేదంటారు, జరిమానాలు కూడా 2025 జనవరి నుంచి బాగా పెరిగాయి. హోయ్ ఆన్ నుంచి ఆన్ బాంగ్ బీచ్ నాలుగైదు కిలోమీటర్లే, దారంతా చదును, సైకిలు చాలు. హై వాన్ కనుమ రోడ్డు మీద వెళ్లాలనుంటే డ్రైవరుతో సహా బండి మాట్లాడుకుని వెనక కూర్చోండి.

తూటికూర_వేపుడు:

శాకాహారానికి అక్కడి మాట చాయ్. మన టీ అనుకుని కంగారు పడకండి. బోర్డు మీద 'క్వాన్ చాయ్', 'కోమ్ చాయ్' అని ఉంటే లోపలికి వెళ్లిపోవచ్చు, ఎక్కువగా బౌద్ధుల వంటే. మాంసంలా కనిపించేది కూడా సోయాతోనో పుట్టగొడుగుతోనో చేసిందే. చాంద్రమాసంలో ఒకటో రోజూ పదిహేనో రోజూ చాలామంది చాయ్ తింటారు కనుక ఆ రోజుల్లో మామూలు హోటళ్లలోనూ దొరుకుతుంది. గుళ్లు ఎక్కువున్న హ్వేలో మరీ సులువు.

మోసమంతా మామూలు హోటల్లోనే. వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర అన్నిచోట్లా ఉంటుంది, చూడ్డానికి అచ్చం మనింటి కూరే. అందులో చేపల సాస్ నూక్ మామో ఆయిస్టర్ సాసో పోస్తారు. ఫో సూపులో కూరగాయలే వేయమన్నా నీళ్లు ఎముకలు మరిగించినవే. 'మాంసం వద్దు' అంటే చేప ఆ లెక్కలోకి రాదు. కాబట్టి 'చేపల సాస్ వద్దు, గుడ్డు వద్దు, ఎముకల రసం వద్దు' అని వాళ్ల భాషలో రాయించి ఫోనులో ఉంచుకుని చూపించండి. నోటితో అంటే స్వరం తప్పి మాట మారిపోతుంది. రైల్లో అమ్మేవాటి మీద ఆశ పెట్టుకోకుండా పళ్లు, వేరుశెనగలు, నాలుగు పొడి ప్యాకెట్లు పెట్టుకోండి. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, పొడి దొరకదు.

మూడు_సున్నాలు:

ఏజెంటు అక్కర్లేదు. ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకి 50. రెండూ 90 రోజుల దాకా ఇస్తారు. ప్రభుత్వ సైటు చిరునామా గవ్ డాట్ వీఎన్ అని ముగుస్తుంది, వెతికితే పైన వచ్చే మిగతావి దళారులవి. భార్యాభర్తలైనా ఎవరి దరఖాస్తు వారిదే. చెన్నై పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలు, తప్పులు అక్కడే దొర్లుతాయి. ఫోటో పేజీ అడుగున బాణాల గుర్తులతో ఉండే రెండు వరసల్లో పేరు ఎలా ఉందో చూసి వీసాలోనూ విమానం టికెట్టులోనూ అలాగే రాయండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా కొత్తగా కట్టాల్సిందే, పాత డబ్బు తిరిగి రాదు. వీసాలో రాసిన తేదీకి ముందు దేశంలోకి రానివ్వరు. మూడు పనిదినాలంటారు కానీ రెండు వారాల ముందే పెట్టండి.

డబ్బు: ఇక్కణ్నుంచి నలగని వంద డాలర్ల నోట్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోండి. యూపీఐని నమ్ముకోకండి, దుకాణాల్లో కనిపించే క్యూఆర్ ఎక్కువగా అక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకే. ధర చూసినప్పుడు మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో హెచ్చవేస్తే రూపాయల్లో దాదాపుగా వస్తుంది. 20 వేల డాంగ్ నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలమే. మసక వెలుతురులో ఒకటనుకుని ఇంకోటి ఇస్తే 25 రెట్లు పోతుంది. 5 లక్షల నోట్లు వేరే జేబులో పెట్టండి.

వేళచ్చేరి_జంట:

అందరికీ థాంక్స్ అండీ, నవంబరు మానేశాం. లీవు 2027 ఫిబ్రవరి మొదటి వారానికి మార్చుకోవచ్చంటున్నారు. అసలు దారిలోనే వెళ్లొచ్చా?

పెరంబూరు_ప్యాసింజరు:

ఆ వారం వద్దమ్మా. 2027లో వాళ్ల కొత్త సంవత్సరం తెత్ ఫిబ్రవరి 6న. పండక్కి దేశమంతా సొంతూళ్లకి కదులుతుంది. ముందు వారం ఉత్తరానికీ తర్వాతి వారం దక్షిణానికీ బెర్తు దొరకదు, హోటళ్లూ అంగళ్లూ చాలావరకు మూసేస్తారు, వీసా ఆఫీసు కూడా. ఫిబ్రవరి 20 తర్వాత బయల్దేరండి. హనోయ్‌లో అప్పుడు చలి, సన్నటి తుంపర ఉంటాయి, తలొక స్వెటర్ పెట్టుకోండి. హ్వే దాటితే ఎండ.

హోయ్ ఆన్‌లో నాలుగు రాత్రులు కనుక ఒక పూట 'మి సోన్' (Mỹ Sơn) అనే పాత గుళ్ల చోటికి ఇవ్వండి, 40 కిలోమీటర్లు. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజులు కట్టిన ఇటుక శివాలయాలు, 1969 బాంబుల్లో పెద్ద గోపురం పోయింది. కొన్నిటిని మన పురావస్తు శాఖే బాగుచేసింది, 2020లో ఆ పనిలోనే 9వ శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. పొద్దున ఎనిమిది లోపు చేరితే ఎండా తక్కువ, టూరు బస్సులూ తక్కువ.

మూడు_సున్నాలు:

ఒకటి మరిచాను. 2025 జులై 1 నుంచి అక్కడి 63 రాష్ట్రాలూ నగరాలూ కలిపి 34 చేశారు. హోయ్ ఆన్ ఇప్పుడు దా నాంగ్ నగరంలో భాగం, క్వి న్యోన్ జియా లాయ్‌లోకి వెళ్లింది. గది బుకింగులో ఒక పేరు, మ్యాపులో ఇంకో పేరు వస్తే కంగారు పడి రద్దు చేయకండి. గ్రాబ్‌లో ఊరి పేరుతో కాకుండా హోటలు పేరూ వీధి నంబరూ కొట్టి వెతకండి.