విమర్శలకు పాటతోనే జవాబు చెప్పాలా? పాప్ గాయని మడోన్నా పాట ‘హ్యూమన్ నేచర్’ మీద మీరేమంటారు?

ప్రశ్న (తిరుపతి నుంచి):
నేను పద్మావతి మహిళా వర్సిటీలో చదువుతున్నా. నిన్న రాత్రి హాస్టల్లో ఈ పాట మీద పెద్ద వాదనే జరిగింది. 1992లో ‘ఎరోటికా’ ఆల్బమ్, దాంతోపాటే ‘సెక్స్’ పుస్తకం తెచ్చినందుకు పత్రికలు మడోన్నాని ఏకిపారేశాయి కదా, దానికి జవాబుగా 1994 ఆల్బమ్‌లో ఈ పాట పెట్టి 1995లో సింగిల్‌గా వదిలింది. క్షమాపణ మాట అటుంచి, వీడియోలో మెరిసే నల్లటి బిగుతు దుస్తులేసుకుని ఇంకా రెచ్చగొట్టింది. ఇది ధైర్యమా, పబ్లిసిటీనా?

జవాబు:
పబ్లిసిటీ ఎందుకుండదు చెల్లీ, పాటలు అమ్ముకునే మనిషే కదా. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి విను, అరుపుల్లేవు, బీట్ నిదానంగా నడుస్తుంది, మధ్యలో గుసగుసలు. కోపాన్ని అంత అదుపులో పెట్టి పాడటం నాకు భలే నచ్చింది.

జవాబు (చిత్తూరు):
నాకైతే ‘రాధికా సాంత్వనం’ కావ్యం రాసిన పాతకాలపు కవయిత్రి ముద్దుపళని గుర్తొచ్చింది. ఆడమనిషి శృంగారం రాసిందని వీరేశలింగం గారంతటివారే తప్పుపట్టారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని మళ్ళీ అచ్చువేయించి, ఈ సిగ్గు నియమాలు ఆడవాళ్ళకేనా అని ముందుమాటలోనే నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, 1947లో ప్రకాశం పంతులు గారు ఎత్తేయించేదాకా అంతే.

జవాబు:
అక్కా, నాగరత్నమ్మ గారి పోరాటం వేరు. మడోన్నా మీద వచ్చిన విమర్శల్లో కొన్ని న్యాయమైనవే, ఈ పాట అందరినీ ఒకే గాటన కట్టేసింది. నాకు అదే నచ్చలేదు.