పాముల ‘సయ్యాట’ అనొచ్చా?

శనక్కాయ చేలో రెండు పాములు మెడలు పెనవేసుకుని నిలువునా లేచిన వీడియో ఎక్కడ కనబడ్డా కింద రాసేది ఒకటే, ‘పాముల సయ్యాట’. భక్తి కాస్త ఎక్కువున్న వాళ్లయితే ‘చూసినవాళ్లకు పుణ్యం, పది మందికి పంపండి’ అని కూడా కలుపుతారు. సయ్యాట అంటే సరసం కదా, అక్కడ జరిగేది తగాదా. రెండూ ఒకే జాతి మగపాములు. ఆడపాము కోసం పోటీ పడి, అవతలిదాని తలను నేలకు అదమాలని ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. నాగుపామైనా, రక్తపింజరైనా, అంత విషం దగ్గర పెట్టుకుని కూడా ఆ పోరులో మామూలుగా కాటు వెయ్యవు. అచ్చం కుస్తీయే, కిందపడ్డది జారుకుంటుంది, అంతే.

జత కట్టేటప్పుడు ఇంత హంగామా ఉండదు. ఒళ్లు చాలావరకు నేల మీదే ఉంటుంది, తోకల దగ్గర కలిసి గంటలకొద్దీ అట్లాగే పడుంటాయి. అందుకే తలలెత్తి తోసుకునేదానికి నా ఓటు ‘పెనగులాట’. మెలిపడటం, పోరాడటం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

– అనంతపురం

అన్నా, మా కడప పక్క ‘పాములు పెనేసుకున్నాయి’ అని ఊరుకుంటాం. పోట్లాటో సరసమో తేల్చం. కానీ అది నాగుపాము, జెర్రిపోతు జత అని మా అవ్వ గట్టిగా చెప్పేది.

– కడప

ఆ మాట మా ఊళ్లోనూ ఉంది. రెండూ వేరువేరు జాతులు, జత కట్టవు. జెర్రిపోతుకైతే విషమే లేదు. దున్నపోతు, మేకపోతు లెక్కన పేరులో ‘పోతు’ ఉండేసరికి దాన్ని మగది చేసి, నాగుపాముకు మొగుణ్ని చేశారేమోనని నా అనుమానం. జెర్రిపోతుల్లో ఆడవి లేకపోతే గుడ్లు ఎవరు పెడతారు?

– అనంతపురం

కర్నూలు నుంచి ఒక మాట. పెనవేసుకున్న పాముల మీద కొత్త తువ్వాలు కప్పి తెచ్చుకుంటే కలిసొస్తుందని మా దగ్గర కొందరు దగ్గరకు పోతారు. ‘సయ్యాట’ అని రాస్తే వాళ్లకు ఇంకా ధైర్యం ఎక్కువవుతుంది. కాటు వెయ్యకపోవడం ఆ రెండు పాముల మధ్య సంగతి, తువ్వాలు పట్టుకుని పోయేవాడికి ఆ లెక్క వర్తించదు. అయితే ‘పెనగులాట’ హెడ్డింగుకు పొడుగన్నా.

– కర్నూలు

అయితే ‘పాముల పోరు’ అని రాయండి సార్, సయ్యాట కన్నా ఒక అక్షరం తక్కువే.

– అనంతపురం