మూడింతల ధర పలికే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఆ ధరకు తగినదేనా?

ప్రశ్న

ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా కాల్చి, తరువాతి దాన్ని తానే ఎక్కించుకునే) రైఫిళ్లలో మధ్యరకం దానికీ, పేరున్న తయారీదారు చేసిన దానికీ ధరలో మూడింతల తేడా కనిపిస్తుంది. ఆ తేడాకు తగిన ఫలితం ఉందా అన్నది తేల్చుకోవాలని, మిత్రుడి ఖరీదైన రైఫిల్‌నూ నా మధ్యరకం రైఫిల్‌నూ ఒకే పెట్టెలోని తూటాలతో 100 మీటర్ల దూరంలో పరీక్షించాను. మూడేసి తూటాలు కాల్చి గ్రూపులు, అంటే లక్ష్యం మీద రంధ్రాలు ఎంత మేర విస్తరించాయో, కొలిస్తే రెండూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఒకసారైతే నాదే చిన్నది. ఈ రైఫిల్ రూపకర్త యూజీన్ స్టోనర్ రూపొందించిన గ్యాస్ పద్ధతిపై (కాల్చిన తూటా వాయువుతోనే తరువాతి తూటాను ఎక్కించే పద్ధతి) పేటెంటు 1977లోనే ముగిసింది కాబట్టి ఆ కొలతలతో ఎవరైనా చేయవచ్చు, నా బోల్ట్ (తూటా వెనుక బ్యారెల్‌ను మూసి ఉంచే ఉక్కు భాగం) తీసి ఆయన రైఫిల్‌లో పెట్టినా పడుతుంది. అలాంటప్పుడు మిగిలిన రెండింతల సొమ్ము పేరుకు కట్టే కప్పమే తప్ప మరొకటి కాదని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చూపగలరు.

మొదటి సమాధానం

మీరు అడిగిన ప్రశ్న సరైనదే గాని, తూచిన తక్కెడ సరైనది కాదు. మూడు తూటాల గ్రూపు కాకతాళీయంగా ఎంత చిన్నదైనా రావచ్చు. తూటాల సంఖ్య పెరిగేకొద్దీ అంచు నుంచి అంచుకు దూరం పెరగడం సహజం. ఒకే రైఫిల్‌తో పది తూటాలు కాలిస్తే, సగటున మూడు తూటాల గ్రూపు కంటే ఒకటిన్నర రెట్లకు కాస్త పైగా ఉంటుంది. కాబట్టి మీరు చూసింది రెండు రైఫిళ్ల సమానత్వం కాదు, తేడాను పట్టుకోలేని పరీక్ష. రెండింటితోనూ పదేసి తూటాల గ్రూపులు కనీసం రెండు చొప్పున కాల్చి కొలవండి.

ఆ తేడా ఎంత విలువైనదో దూరం చెబుతుంది. ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 29 మిల్లీమీటర్లు, 300 మీటర్ల దగ్గర 87. అంతర్జాతీయ పోటీల్లో వాడే 300 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఒక మినిట్ రైఫిల్ గ్రూపు ఆ వలయంలో ఇముడుతుంది, ఒకటిన్నర మినిట్ రైఫిల్ గ్రూపు సుమారు 131 మిల్లీమీటర్లకు విస్తరించి బయటకు పోతుంది. 100 మీటర్ల దగ్గర కంటికి ఆనని తేడా అక్కడ పాయింట్లుగా బయటపడుతుంది.

ఇక డబ్బు ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు రైఫిల్‌ను విప్పి చూడడమే సమాధానం. బోల్ట్ క్యారియర్ (బోల్ట్‌ను మోసే భాగం) మీద గ్యాస్ కీని, అంటే వాయువును అందుకునే చిన్న గొట్టాన్ని, పట్టి ఉంచే రెండు మరలను గమనించండి. వాటి అంచుల దగ్గర లోహాన్ని ఉలితో నొక్కి, మర తిరగకుండా బిగించాలి. ఈ పనిని పైపైన కానిచ్చేసిన రైఫిళ్లలో కొంతకాలానికి మరలు వదులై గ్యాస్ కారుతుంది, తూటా సరిగా ఎక్కదు. అప్పుడు కొన్నవారు మ్యాగజైన్‌ను, తూటాలను తిట్టుకుంటారు. బోల్ట్ ఉక్కును అధిక ఒత్తిడితో పరీక్షించి, ఆ తరువాత అయస్కాంత కణాలతో పగుళ్ల కోసం వెతకడం కూడా ఖర్చుతో కూడిన పనే. ఈ తరహా బోల్ట్ విరిగితే సాధారణంగా క్యామ్ పిన్ (బోల్ట్‌ను తిప్పే పిన్ను) రంధ్రం దగ్గరో, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగును లాగే కొక్కెం) పక్కనున్న పళ్ల దగ్గరో విరుగుతుంది. కొత్తగా ఉన్నప్పుడు రెండు బోల్ట్‌లూ ఒకేలా మెరుస్తాయి.

అన్నట్టు, బోల్ట్‌లు మార్చి పెట్టే ఆలోచన దయచేసి మానుకోండి. పడడం వేరు, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ, తూటా ఆనే చోటుకూ మధ్య దూరం) సరిపోవడం వేరు. గేజ్‌తో కొలవకుండా కాల్చడం ప్రమాదం.

రెండవ సమాధానం

పై వాదనతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చదలచాను. ధర ఎక్కువైనంత మాత్రాన అదంతా పనితనమే కానక్కర లేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఉగ్రవాదులు క్రీడాకారులను బందీలుగా పట్టుకున్న ఘటన తరువాత వచ్చిన జర్మన్ స్నైపర్ రైఫిల్ పీఎస్‌జీ-1 నుంచి 300 మీటర్ల దూరంలో 50 తూటాలు 80 మిల్లీమీటర్లలో పడాలన్న కఠినమైన ప్రమాణాన్ని ఆశించారంటారు. దాని ధరలో ఎక్కువ భాగం ఆ ప్రమాణానికే పోయిందని ఒప్పుకోవచ్చు. అదే దేశపు వాల్తర్ డబ్ల్యూఏ 2000 స్నైపర్ రైఫిల్ సుమారు 176 మాత్రమే తయారై ఆగిపోయింది. నేడు దానికి పలికే ధర అరుదైన వస్తువుకు పలికేది, గురికి కాదు. ఖరీదైన రైఫిళ్లన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే ఈ చర్చ తేలదు.

ప్రశ్న అడిగినవారి వివరణ

పదేసి తూటాలు కాల్చి వచ్చాను. రెండు గ్రూపుల సగటు తీస్తే ఆయన రైఫిల్‌ది 34 మిల్లీమీటర్లు, నాది 52. తేడా లేదన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆ తరువాత మేలురకం తూటాలు తెప్పించి నా రైఫిల్‌తోనే మళ్లీ కాలిస్తే 41కి దిగింది. పైగా చివరి నాలుగు తూటాలు కాల్చేటప్పటికి బ్యారెల్ నుంచి లేచే వేడిగాలి స్కోప్‌లో లక్ష్యాన్ని అల్లాడించింది, అప్పుడు గురి తప్పింది నేనో రైఫిలో తేల్చలేను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ రైఫిల్‌ను నిందించానేమో.

మొదటి సమాధానం ఇచ్చినవారు మళ్లీ

ఆ 41 అంకెలోనే మీకు కావలసింది ఉంది. తూటాల మార్పుతోనే తేడాలో సగానికి పైగా తగ్గింది. మీరు ఏడాదికి కొన్ని వందల తూటాలే కాలుస్తారంటే, ఖరీదైన బోల్ట్ మన్నిక మీకు ఎన్నటికీ అక్కరకు రాదు. వేలకొద్దీ కాల్చి పోటీలకు వెళ్లేవారికి మాత్రం అది మొదటి అవసరం. మీ స్థానంలో నేనుంటే ముందు ట్రిగ్గర్ మారుస్తాను, మిగిలిన సొమ్మంతా తూటాలకే పెడతాను, ప్రస్తుత బ్యారెల్ అరిగి గ్రూపులు విచ్చుకున్నప్పుడు మంచి బ్యారెల్ వేయిస్తాను. గ్యాస్ కీ మరలు మాత్రం ఈ రాత్రే చూసుకోండి.